వైరస్ అణిగింది, కౌంట్ ఎందుకు ఆగింది?

హెచ్‌ఐవీని అణచే మందులు (ఏఆర్‌టీ) ఇచ్చే సెంటర్‌కు వచ్చినవాళ్ళు ఒకరినొకరు అడిగే మాట "కౌంట్ ఎంతుంది?" అనే. అంటే మైక్రోలీటరు రక్తంలో సీడీ4 కణాలు, హెచ్‌ఐవీ నాశనం చేసే రోగనిరోధక తెల్లకణాలు, ఎన్నున్నాయని. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందన్నది, అడిగేవాళ్ళు తక్కువ. అందుకే ఒక రకం రిపోర్టు చాలామందిని కంగారుపెడుతుంది. వైరల్ లోడ్ దగ్గర "టార్గెట్ నాట్ డిటెక్టెడ్", అంటే వైరస్ కనిపించలేదు, అని ఉంటుంది. సీడీ4 దగ్గర మాత్రం 238. ఏడాది కిందట 229, అంతకు ముందు 241. మాత్ర ఒక్కరోజు కూడా తప్పలేదు. మరి మందు పనిచేస్తున్నట్టా, లేనట్టా?

పనిచేస్తోంది. మందు బాధ్యత వైరస్‌ను ఆపడం వరకే. పోయిన కణాలను మళ్ళీ పుట్టించుకోవడం ఒంటి పని. అది ఎంతదూరం సాగుతుందన్నది మందు మొదలుపెట్టిన రోజుకి ఒంట్లో ఏమేం మిగిలాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండు పనుల్నీ ఒకే గాటన కట్టడం వల్లే "మందు మార్చండి" అన్న ఒత్తిడి వస్తుంది, నాటుమందుల వేట మొదలవుతుంది, కొందరు విసిగి అసలు మాత్రే మానేస్తారు. మూడింటిలో ఆఖరిది ప్రాణం మీదికి తెస్తుంది.

మాత్ర చేసేది ఎంత?

మన దేశంలో పెద్దవాళ్ళకు ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్నది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు కలిపిన ఒకే మాత్ర, రోజుకొకటి. మొదటి రెండు మందులు వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకోకుండా ఆపుతాయి. మూడోది ఆ డీఎన్‌ఏ మన కణం జన్యువులో అతుక్కోకుండా ఆపుతుంది. ఇప్పటికే అతుక్కుపోయినదాన్ని మాత్రం ఈ మూడింటిలో ఏదీ పీకలేదు.

మందు లేనప్పుడు ఒంట్లో రోజుకు సుమారు వెయ్యి కోట్ల వైరస్‌లు పుడుతుంటాయి. వాటిని పుట్టించే కణం బతికేది ఒకటి రెండు రోజులే. కొత్త కణాలకు అంటకుండా దారి మూసేస్తే పాతవి వాటంతటవే చచ్చిపోతాయి. కాబట్టే రెండు వారాల్లో వైరల్ లోడ్ 90 శాతానికి పైగా పడిపోతుంది. డోలుటెగ్రవిర్ వాడేవారిలో ఎక్కువమందికి మూడు నెలలకల్లా మిల్లీలీటరుకు 50 కాపీల లోపుకు వస్తుంది. మిగిలేది నిద్రాణంగా పడివుండే జ్ఞాపక సీడీ4 కణాల్లోని వైరస్. ఆ నిల్వ సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుంది. ఆ లెక్కన పూర్తిగా ఖాళీ కావాలంటే డెబ్భై ఏళ్ళు దాటుతుంది. మాత్ర ఆపితే రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందిలో వైరస్ తిరిగి లేస్తుంది.

మొదట పెరిగేవి కొత్త కణాలు కావు

మందు మొదలుపెట్టాక తొలి మూడు నెలల్లో కౌంట్ చకచకా పెరుగుతుంది. 90 ఉన్నది 170 అయిందంటే ఒంట్లో అన్ని కణాలు కొత్తగా పుట్టాయనుకుంటాం. నిజానికి ఒంట్లోని లింఫోసైట్లలో (సీడీ4 కణాలు కూడా చేరే తెల్లకణాల రకం) రక్తంలో తిరిగేవి 2 శాతమే. మిగతావన్నీ లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో, పేగు గోడల్లో ఉంటాయి. వైరస్ రెచ్చిపోయినప్పుడు గ్రంథులు వాచి కణాలను లోపలే పట్టి ఉంచుతాయి. మందుతో ఆ వాపు తగ్గగానే అవి రక్తంలోకి వచ్చేస్తాయి. కర్ఫ్యూ ఎత్తేసిన మర్నాడు బజారు నిండినట్టన్నమాట. ఊళ్ళో జనాభా పెరగలేదు, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు బయటికొచ్చారు.

ఇలా వచ్చేవి ఎక్కువగా జ్ఞాపక కణాలు, అంటే ఇదివరకే ఏదో ఒక క్రిమిని ఎదుర్కొన్నవి. కొత్త క్రిమిని గుర్తుపట్టగల పచ్చి కణాలు రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథి నుంచి రావాలి. అది నిదానంగా, ఏళ్ళ మీద జరిగే పని. సగటున మొదటి ఏడాది 50 నుంచి 150, ఆపైన వైరస్ అణిగి ఉన్నంతకాలం ఏడాదికి 50 నుంచి 100 చొప్పున పెరిగి, కొన్నేళ్ళకు ఒకచోట నిలబడుతుంది. ఆ నిలబడే చోటు మనిషి మనిషికీ వేరు.

ఇక్కడ ఒక కిటుకుంది. మందు మొదలైన మూడో నెలలో వచ్చిన 210కీ, ఎప్పుడూ 200 కిందికి దిగనివాళ్ళ 210కీ విలువ ఒకటి కాదు. 30కి పడి లేచినవాళ్ళలో కొన్ని క్రిములను గుర్తుపట్టే కణాల కుదుళ్ళే అంతరించి ఉండవచ్చు. ఒక్క రిపోర్టులో అంకె గీత దాటగానే ఇతర ఇన్ఫెక్షన్లు సోకకుండా రక్షణగా ఇస్తున్న కాట్రిమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌ను ఆపెయ్యకపోవడానికి కారణం ఇదే. మన జాతీయ కార్యక్రమంలో సీడీ4 350 లోపుంటే దాన్ని మొదలుపెడతారు. ఆపాలంటే ఆరు నెలల తేడాతో రెండుసార్లు 350 పైన రావాలి.

కోలుకునేటప్పుడే వచ్చే జబ్బు

కౌంట్ లేచే తొలి మూడు నెలల్లోనే కొందరికి ఉన్నట్టుండి జ్వరం తిరగబెడుతుంది, మెడ దగ్గర గడ్డలు ఉబ్బుతాయి. ఏఆర్‌టీ వల్ల ఒంట్లో వేడి చేసిందని మాత్ర మానేసేది ఎక్కువగా ఇక్కడే. జరిగేది వేరు. అన్నాళ్ళూ నిస్సత్తువగా ఉన్న రోగనిరోధక వ్యవస్థకు చూపు వచ్చింది. ఒంట్లో దాక్కున్న టీబీ క్రిమో, మెదడు పొరల్లోని క్రిప్టోకాకస్ ఫంగసో దాని కంటపడింది. అది ఒక్కసారిగా విరుచుకుపడింది. దీన్నే ఐరిస్ అంటారు. సీడీ4 100 లోపు, అందులోనూ 50 లోపు మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువ.

అందుకే అంత తక్కువ కౌంట్‌తో వచ్చినవాళ్ళకు ముందుగా నాలుగు ప్రశ్నలు వేస్తారు: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు ఉన్నాయా అని. రక్తంలో క్రిప్టోకాకస్ ఆంటిజెన్ (ఆ ఫంగస్ జాడ) ఉందేమో చూస్తారు. టీబీ ఉంటే ముందు టీబీ మందులు, రెండు వారాల్లోపు ఏఆర్‌టీ. టీబీ మెదడు పొరలకు పాకితే, లేదా క్రిప్టోకాకస్ మెనింజైటిస్ ఉంటే మాత్రం ఏఆర్‌టీ మొదలుపెట్టడానికి కనీసం నాలుగు వారాలు ఆగుతారు. తల లోపల వాపు పెరిగితే చోటు లేదు కదా. ఐరిస్ వచ్చినా సాధారణంగా రెండు మందుల్లో ఏదీ ఆపరు, వాపు తగ్గించడానికి స్టెరాయిడ్ కలుపుతారు. దక్షిణాఫ్రికాలో చేసి 2018లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో, టీబీతో పాటు సీడీ4 100కు మించనివాళ్ళకు ముందుజాగ్రత్తగా ప్రెడ్నిసోన్ రెండు వారాలు 40, ఇంకో రెండు వారాలు 20 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే టీబీ ఐరిస్ దాదాపు 30 శాతం తగ్గింది.

టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ డోలుటెగ్రవిర్‌ను కాలేయంలో తొందరగా విరిచేస్తుంది. కాబట్టి ఉన్న టీఎల్‌డీకి తోడు, పన్నెండు గంటల తర్వాత డోలుటెగ్రవిర్ 50 విడి మాత్ర ఒకటి వేసుకోవాలి. టీబీ కోర్సు అయిపోయాక కూడా ఇంకో రెండు వారాలు. ఈ రెండో మాత్ర మరచిపోయేవాళ్ళు చాలామంది. టీబీ నయమయ్యేలోపు వైరల్ లోడ్ పెరిగి కనిపిస్తే మొదట అడగాల్సింది దీని గురించే.

ఎందుకు ఆగిపోతుంది?

వరి సాగు తెలిసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. థైమస్ నారుమడి, లింఫ్ గ్రంథులు నాటే పొలం. నారుమడి యవ్వనం దాటగానే కుంచించుకుపోతూ వస్తుంది, నడివయసుకు చాలాభాగం కొవ్వుగా మారిపోతుంది. పిల్లల్లో మందు మొదలుపెడితే కౌంట్ బాగా లేస్తుంది, యాభై ఏళ్ళవారిలో లేవదు అనేదానికి మొదటి కారణం ఇదే.

ఉన్న కాస్త నారు నాటుదామన్నా పొలం బాగుండాలి. లింఫ్ గ్రంథిలో సన్నటి కణాల వల ఒకటి ఉంటుంది. పచ్చి సీడీ4 కణాలు దాన్ని పట్టుకునే తిరుగుతాయి. ఇంటర్‌ల్యూకిన్-7 అనే బతుకుదెరువు సంకేతం వాటికి అక్కడే అందుతుంది. మందు లేకుండా గడిచిన ఏళ్ళలో వాపు ఎడతెగక ఆ వల చిరిగి, దాని స్థానంలో కొల్లాజెన్ మచ్చ గట్టిపడుతుంది. మాత్ర వైరస్‌ను ఆపుతుంది గానీ మచ్చను కరిగించదు. థైమస్ పంపిన కణాలు కూడా అక్కడ తిండి దొరకక చచ్చిపోతాయి.

మూడో దెబ్బ పేగుల్లో తగులుతుంది. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లోనే, ఎలైజా పరీక్షలో పాజిటివ్ అని తెలిసేలోపే, పేగు గోడల్లోని సీడీ4 కణాల్లో ఎక్కువభాగం పోతుంది. అందులోనూ పేగు పొరను కాపాడే టీహెచ్17 రకం బాగా తగ్గిపోతుంది. పొరకు చిల్లులు పడి పేగులోని బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారుతుంటాయి. వాటిని చూసి రోగనిరోధక వ్యవస్థ రాత్రింబవళ్ళు ఉలిక్కిపడుతూనే ఉంటుంది. అలా ఎప్పుడూ రెచ్చి ఉండే కణాలు తొందరగా అలిసి చస్తాయి. వైరస్ కనిపించకపోయినా ఈ పొగ ఆరదు. హెపటైటిస్ సీ, సైటోమెగలో వైరస్ లాంటివి తోడుంటే మరింత ఎక్కువ.

ఈ మూడూ ఎంత దెబ్బతిన్నాయో చెప్పే గుర్తు ఒక్కటే: మందు మొదలుపెట్టేలోపు కౌంట్ ఎంత కిందికి దిగింది అన్నది. 2009లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో సగటున ఏడున్నరేళ్ళు వైరస్ అణిగి ఉన్నా, 100 లోపు మొదలుపెట్టినవాళ్ళలో 44 శాతం, 100–200 మధ్య మొదలుపెట్టినవాళ్ళలో 25 శాతం మంది 500 దాటలేదు. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ రోజుల్లో కౌంట్ 200 కిందికి దిగేదాకా ఆగి మందు మొదలుపెట్టేవారు. తేలిన వెంటనే, కౌంట్ ఎంతున్నా సరే మందు ఇవ్వాలన్న నియమం 2017లో వచ్చింది. దేశంలో బాధితులు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకటైన ఆంధ్రప్రదేశ్‌లో, పదిహేనేళ్ళుగా మందు వాడుతూ కౌంట్ 300 దగ్గరే ఆగినవాళ్ళు కనబడితే, ఆ తప్పు వాళ్ళ మాత్రదీ కాదు, వాళ్ళదీ కాదు.

రిపోర్టు చదవడం

కౌంట్ పడిపోయిందని బెంగపడేముందు రిపోర్టులో రెండో అంకె, శాతం, చూడాలి. ఒక లెక్క చేద్దాం. మార్చిలో తెల్లకణాలు 6,000, అందులో లింఫోసైట్లు 30 శాతం, అంటే 1,800. వాటిలో సీడీ4 20 శాతం, అంటే 360. సెప్టెంబరులో అదే మనిషికి వైరల్ జ్వరం వచ్చి తగ్గిన వారానికి తెల్లకణాలు 4,500, లింఫోసైట్లు 28 శాతం, అంటే 1,260. సీడీ4 21 శాతం, అంటే 265. కౌంట్ 95 పడింది, కానీ శాతం పెరిగింది. ఇక్కడ తగ్గినవి మొత్తం తెల్లకణాలు. హెచ్‌ఐవీకి దీంతో సంబంధం లేదు. శాతం ఇంత ఊగిసలాడదు కాబట్టి దాన్నే నమ్మాలి. మోటుగా 14 శాతం అంటే 200 కౌంట్‌తో సమానం.

ఒకే మనిషికి ఉదయం ఒకలా, రాత్రి ఒకలా వస్తుంది. జ్వరం, స్టెరాయిడ్ మాత్రలు, గర్భం కౌంట్‌ను దించుతాయి. కాలేయ జబ్బుతో ప్లీహం ఉబ్బితే కణాలు అందులో చిక్కుకుని కౌంట్ తగ్గుతుంది. ఊదారంగు మూత ఉన్న ట్యూబులో తీసిన రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా లెక్క తప్పుతుంది. కాబట్టి 30 శాతం లోపు తేడాను మార్పుగా పరిగణించరు. ఎప్పుడూ ఒకే ల్యాబులో, ఒకే వేళకు, జ్వరం తగ్గి కొన్ని వారాలయ్యాక చేయించుకుంటే సగం కంగారు తగ్గుతుంది.

శాతం కూడా నిజంగానే దిగుతుంటే అప్పుడు వెతకాలి. వెతికే వరుస ఇది. దాచి ఉన్న టీబీ ఉందేమో. హెపటైటిస్ బీ, సీ పరీక్షలు అయ్యాయా. ఏఆర్‌టీలో జిడోవుడిన్ అనే మందు వాడుతుంటే అది ఎముక మజ్జను అణుస్తుంది, రక్తహీనత కూడా తోడుంటుంది. లింఫోమా లాంటి క్యాన్సరేమో. ఇక తరచూ మరచిపోయేది హెచ్‌ఐవీలో రెండో రకం, హెచ్‌ఐవీ-2. మనం మామూలుగా చేసే వైరల్ లోడ్ పరీక్ష హెచ్‌ఐవీ-1ని మాత్రమే లెక్కపెడుతుంది. ఒంట్లో ఉన్నది హెచ్‌ఐవీ-2 అయితే వైరస్ ఎంత ఉన్నా రిపోర్టులో "కనిపించలేదు" అనే వస్తుంది. పాత నెవిరపిన్, ఎఫావిరెంజ్ మందులు దాని మీద పనిచేయవు. మన దేశంలో ఇది అరుదే కానీ లేకపోలేదు. వైరల్ లోడ్ సున్నా, కౌంట్ మాత్రం మెట్టు మెట్టుగా కిందికి అన్నప్పుడు మొదటి హెచ్‌ఐవీ రిపోర్టు తీసి ఏ రకమని రాసుందో చూడాలి.

కౌంట్ పెంచే మందులు

వైరస్ అణిగి ఉండగా కౌంట్ కోసం మందు మార్చినా, నాలుగో మందు కలిపినా ఫలితం లేదని ట్రయల్స్‌లో తేలింది. వైరల్ లోడ్ పరీక్ష అందుబాటులో లేని రోజుల్లో కౌంట్ పెరగకపోతే మందు ఫెయిలైందనుకుని సెకండ్ లైన్‌కు, అంటే మొదటివి పనిచేయనప్పుడు ఇచ్చే మందులకు, మార్చేవారు. వాళ్ళలో చాలామందికి మొదటి మందే బాగా పనిచేస్తూ ఉండి ఉంటుంది.

కౌంట్‌నే సూటిగా పెంచి చూసిన ప్రయత్నం ఇంకా గట్టి పాఠం. కణాలను పెరగమని చెప్పే ఇంటర్‌ల్యూకిన్-2 సంకేతాన్ని ఇంజెక్షన్లుగా ఇచ్చి ఎస్‌ప్రి, సిల్‌క్యాట్ అనే రెండు ట్రయల్స్ జరిగాయి. రెండింట్లో కలిపి 5,800 మంది. 2009లో ఫలితాలు వచ్చాయి. ఎస్‌ప్రిలో ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళ కౌంట్ మిగతావాళ్ళకంటే సగటున 160 దాకా ఎక్కువ. అయినా జబ్బులు తగ్గలేదు, చావులు తగ్గలేదు. అంకె పెరిగింది, ఆ పెరిగిన కణాలు మాత్రం పని నేర్చినవి కావు. బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ అమ్మేవాళ్ళు చూపించే "ముందు–తర్వాత" రిపోర్టుల్ని కూడా ఇదే కంటితో చూడాలి. తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వైద్య పత్రికలకు ఎక్కాయి.

అటు నుంచి చూస్తే, కౌంట్ బాగుందని మందు ఆపడం ఎంత ప్రమాదమో స్మార్ట్ ట్రయల్ చూపించింది. 5,472 మందిలో సగం మందికి సీడీ4 350 దాటితే మందు ఆపి, 250 లోపు పడితే మళ్ళీ మొదలుపెట్టారు. ఆపినవాళ్ళలో అవకాశవాద జబ్బు (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అదను చూసి పట్టేది) లేదా మరణం ముప్పు 2.6 రెట్లు తేలడంతో 2006 జనవరిలో ఆ పద్ధతిని ఆపేశారు. గుండె, మూత్రపిండాలు, కాలేయం జబ్బులు కూడా ఆపినవాళ్ళలోనే ఎక్కువ కనిపించాయి.

తక్కువ కౌంట్‌తో బతికేవాళ్ళు చూసుకోవాల్సినవి

వైరల్ లోడ్ అణిగి ఉంటే 250 కౌంట్‌తో కూడా ఉద్యోగం, పొలం పని, సంసారం అన్నీ సాగుతాయి. లైంగికంగా భాగస్వామికి వైరస్ సోకకపోవడం అనేది వైరల్ లోడ్‌కు సంబంధించిన విషయం, కౌంట్‌కు కాదు. అయితే కొన్ని ముప్పులు మామూలు జనంకంటే ఎక్కువగానే ఉంటాయి. టీబీ అందులో మొదటిది. కౌంట్ 500 దాటినా అది పూర్తిగా పోదు. అందుకే లక్షణాలు లేనివాళ్ళందరికీ, కౌంట్‌తో పని లేకుండా, ఐసోనయాజిడ్ 300 మిల్లీగ్రాములు ఆరు నెలలు ఇస్తారు. చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కకుండా దాంతోపాటు పిరిడాక్సిన్ మాత్ర.

రెండోది గుండె. నేను పైన చెప్పిన ఆరని పొగ రక్తనాళాల గోడల్ని కూడా పాడుచేస్తుంది. దాని జాడ సీడీ4 కణాలకూ, సీడీ8 అనే మరో రకం లింఫోసైట్లకూ మధ్య నిష్పత్తిలో కనిపిస్తుంది. ఆరోగ్యవంతుల్లో అది 1 పైన ఉంటుంది. ఏళ్ళ తరబడి మందు వాడినా చాలామందిలో 1 చేరదు. 2023లో ఫలితాలు వచ్చిన రిప్రీవ్ ట్రయల్‌లో 40 నుంచి 75 ఏళ్ళ మధ్యవాళ్ళు 7,700 మందికి పైగా పాల్గొన్నారు, మన దేశం నుంచి కూడా. రోజుకు కొలెస్ట్రాల్ తగ్గించే పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. నలభై దాటినవాళ్ళు ఈసారి ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్ళినప్పుడు దీని గురించి అడగవచ్చు. సిగరెట్, బీడీ మానడం అంతకంటే ముందు.

ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు సుమారు ఆరు రెట్లు. ఇరవై ఐదేళ్ళ నుంచి మూడు నుంచి ఐదేళ్ళకోసారి పరీక్ష తప్పదు. టీకాల విషయంలో, 200 లోపు ఉన్నప్పుడు తట్టు, ఆటలమ్మ లాంటి బతికున్న క్రిముల టీకాలు వేయరు. హెపటైటిస్ బీ టీకా తక్కువ కౌంట్‌లో సరిగా పనిచేయకపోవచ్చు, కోర్సు అయ్యాక యాంటీబాడీలు వచ్చాయో లేదో చూసుకోవాలి.

మాత్ర వేసుకునే తీరు గురించి ఒక్క మాట. కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్‌కు తాగే యాంటాసిడ్లు డోలుటెగ్రవిర్‌ను కడుపులోనే పట్టేస్తాయి. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ అయితే భోజనంతో పాటు రెండూ కలిపి వేసుకున్నా ఫర్వాలేదు, యాంటాసిడ్‌కు ఆ వెసులుబాటు లేదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు రోజుకు 1,000 మిల్లీగ్రాములు దాటకూడదు.

కౌంట్ 350 దాటి, వైరల్ లోడ్ అణిగి ఉంటే సీడీ4 పరీక్ష మానేయవచ్చు, ఏడాదికోసారి వైరల్ లోడ్ చాలు. మందు మధ్యలో మానేసి నెలల తర్వాత తిరిగి వచ్చినవాళ్ళకు మాత్రం పాత కౌంట్ లెక్కలోకి రాదు. ఒకప్పుడు 600 ఉన్నా సరే, మళ్ళీ మొదటి రోజు లాగే సీడీ4 చేయించాలి. 200 లోపు వస్తే ఆ నాలుగు ప్రశ్నల నుంచి, క్రిప్టోకాకస్ పరీక్ష నుంచి అన్నీ తిరిగి మొదలుపెట్టాలి; కాట్రిమాక్సజోల్ అయితే 350 లోపు వచ్చినా సరే.